ఊకలో ఊరిన సీసాలు

ఆ ఆదివారానికి సాయిగణేష్ వేసుకున్న పథకంలో కంకిపాడుకి కేటాయించిన సమయం ఐదు నిమిషాలు. తొమ్మిదింటికి గన్నవరం విమానాశ్రయంలో లక్ష్మీకాంత్ గారిని కారెక్కించుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు కాస్త చుట్టుతిరిగి కంకిపాడులో అత్తగారింటి ముందు ఆగి, ఇంజను కూడా ఆపకుండా, ఐదు సీసాలు తీసుకోవాలి. పదకొండున్నరకల్లా బెజవాడలో బెంజి సర్కిల్ దగ్గరి తన ఫ్లాట్‌లో, తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చోవాలి. పొద్దున్నే లేచి పది గాజు గ్లాసులు కడిగి, తుడిచి, వెలుతురుకి పట్టి చూసి మరీ ఆ బల్ల మీద వరసగా పెట్టాడు. గుక్కకీ గుక్కకీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి ఉప్పులేని బిస్కెట్లు కూడా తెప్పించాడు.

"ఐదే నిమిషాలు. అర్థమైందా? కారు దిగొద్దు నువ్వు" అని భార్య కనకలక్ష్మికి మూడోసారి చెప్పాడు.

"మా అమ్మ ఇంట్లో ఐదు నిమిషాల్లో మీరు చెప్పులు కూడా విప్పలేరు" అంది కనకలక్ష్మి, ఖాళీ పచ్చడి డబ్బాలు సంచిలో సర్దుకుంటూ.

సాయిగణేష్ రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో మేనేజరు. ఏటా ఒకసారి యూరప్ వెళ్లి అక్కడి కొనుగోలుదారులను కలిసి వస్తాడు. ఏడేళ్ల కిందట మొదటిసారి వెళ్లినప్పుడు బెల్జియంలో ఒక వ్యాపారి అతన్ని పాతకాలపు బీరు తయారుచేసే చోటికి తీసుకెళ్లి, పుల్లటి బీరు ఒక గ్లాసు చేతికిచ్చాడు. అది మొదటిసారి తాగినవాళ్లంతా మొహం చిట్లిస్తారట. సాయిగణేష్ మాత్రం కళ్లు మూసుకున్నాడు. గోంగూర, చింతచిగురు, పుల్లమజ్జిగల మీద పెరిగిన నాలుక అది. పులుపును చూసి వెనక్కి తగ్గే అలవాటు దానికి లేదు.

అక్కడి యజమాని ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఈ బీరును చల్లని చీకటి చోట ఏళ్ల తరబడి దాచుకోవచ్చట. ఏడాదికో రుచి తిరుగుతుందట. లేతగా ఉన్నప్పుడు కోసినట్టుండే పులుపు, వయసు మీదపడేకొద్దీ నెమ్మదించి, తేనె వాసన, ఎండుగడ్డి వాసన వస్తాయట. ఆ మాట సాయిగణేష్ మనసులో నాటుకుపోయింది. అప్పటినుంచి వెళ్లినప్పుడల్లా అదే బీరు ఒక సీసా తెచ్చాడు. కరోనా మూలంగా రెండేళ్లు ప్రయాణం లేదు, ఆ తర్వాత ఇంకో రెండు తెచ్చాడు. మొత్తం ఐదు.

తెచ్చాడు సరే, దాచడం ఎక్కడ? బెల్జియంలో నేలమాళిగలున్నాయి. కృష్ణా డెల్టాలో రెండడుగులు తవ్వితే నీళ్లొస్తాయి. ఎంత ఆలోచించినా అతనికి తోచిన చల్లని చీకటి చోటు ఒక్కటే. అది కంకిపాడులో అత్తగారు వెంకటరత్నమ్మ గారి పచ్చళ్ల గది. మూరెడు మందం మట్టిగోడలు, కిటికీ లేదు, రోహిణి కార్తెలో కూడా లోపలికి అడుగుపెడితే అరికాళ్లు చల్లబడతాయి. కానీ స్నానం చేయకుండా కూతుర్ని కూడా గడప దాటనివ్వని ఆ గదిలో బీరు పెడతానని చెప్పే ధైర్యం ఏ అల్లుడికుంటుంది?

"ఇది విదేశాల్లో చేసే అరిష్టం, అత్తయ్యగారూ. మన ఆయుర్వేద ద్రాక్షారిష్టం లాంటిదే. నా మోకాళ్లకి. నిలవ ఉంచేకొద్దీ గుణం పెరుగుతుందట" అన్నాడు మొదటి సీసా ఇస్తూ.

వెంకటరత్నమ్మ గారు సీసా వంక చూశారు. అల్లుడి మోకాళ్ల వంక చూశారు. "అలాగే బాబూ" అని లోపలికి తీసుకెళ్లారు. అంత తేలిగ్గా పని అయిపోయినందుకు సాయిగణేష్ ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇక లక్ష్మీకాంత్ గారు. మనవాడే, బెంగళూరులో స్థిరపడి ఇరవై ఏళ్లుగా సొంతంగా బీరు తయారు చేస్తున్నాడు. అక్కడి బీరు ప్రియుల సంఘానికి అధ్యక్షుడు. పోయినేడు ఆ సంఘం సమావేశంలో సాయిగణేష్ తన సీసాల సంగతి గర్వంగా చెబితే, నలభై మంది ముందు ఆయన చిన్నగా నవ్వి, "బెజవాడ ఎండలో పుల్ల బీరు నిలవ పెట్టారా? అయితే తాగకండి సాయిగారూ. ఉల్లిపాయ ముక్కల్లో పోసుకోండి, వెనిగర్ లాగా బాగుంటుంది" అన్నాడు. నలభై మందీ నవ్వారు. సాయిగణేష్‌కి ఒళ్లు మండింది. "మీరే వచ్చి రుచి చూడండి. చెడిపోయిందంటే ఇంక బీరు ముట్టను. అంతే కాదు, పేర్లు చూడకుండా, ఏది ఏ ఏడాదిదో నాలుకతో చెబుతాను" అని నోరు జారాడు. ఆ సంఘం ఏటా బాగా నిలవ చేసిన బీరుకి ఒక చెక్క ఫలకం బహూకరిస్తుంది. దాని సంగతి అటుంచి, లక్ష్మీకాంత్ నోట 'చెడిపోలేదు' అన్న ఒక్క మాట వినడానికి సాయిగణేష్ ఏడాదిగా ఎదురుచూస్తున్నాడు. ఈ ఆదివారం అందుకే.

గన్నవరంలో లక్ష్మీకాంత్‌ని ఎక్కించుకుని కంకిపాడులో అత్తగారి వీధిలోకి తిరగగానే అతని కాలు బ్రేకు మీద పడింది. ఇంటి అరుగు మీద పదిహేను మంది దాకా కూర్చుని ఉన్నారు. అందరూ అరవై దాటినవాళ్లే. అందరి చేతుల్లోనూ స్టీలు గ్లాసులు. ముందు వరసలో పక్కింటి పుల్లయ్య, రెండు మోకాళ్లకీ నూనె రాసుకుని, వాటిని ఎండకి పెట్టి కూర్చున్నాడు. ఆయన పక్కన రిటైరైన నర్సు తెరేసమ్మ గారు, చేతిలో మందు కొలిచే చిన్న ప్లాస్టిక్ కప్పు.

"ఏమైనా ఫంక్షనా?" అన్నాడు లక్ష్మీకాంత్.

వెంకటరత్నమ్మ గారు గేటు దాకా ఎదురొచ్చి గొంతు తగ్గించి చెప్పారు. "మొన్న మీరు ఫోన్ చేసి, ఆదివారం అరిష్టం తీద్దామన్నారు కదా. నాకు చెవి సరిగా వినపడక స్పీకర్ పెట్టుకుంటానా. పుల్లయ్య అప్పుడు మజ్జిగ తాగుతా ఇక్కడే ఉన్నాడు. మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. వద్దని నేను చెప్పలేకపోయాను బాబూ."

సాయిగణేష్ లక్ష్మీకాంత్‌ని కారు వెనక్కి లాక్కెళ్లాడు. "ఒక్క విషయమండీ. ఈ గేటు దాటాక అది బీరు కాదు."

"మరి?"

"మోకాళ్ల మందు."

లక్ష్మీకాంత్ గేటు లోపలికి తొంగిచూసి, "నిలవ చేసిన చోటు చూపించండి ముందు. అది చూడకుండా నేను రుచి చూడను" అన్నాడు. కనకలక్ష్మి కారు ఇంజను ఆపి, తాళం చెవి బొడ్లో దోపుకుని, డబ్బాల సంచితో లోపలికి నడిచింది.

"వీరెవరు బాబూ?" అన్నాడు పుల్లయ్య.

"బెంగళూరు నుంచి వచ్చారు బాబాయ్. ఇలాంటివాటిలో నిపుణులు."

"డాక్టరు గారన్నమాట" అన్నాడు పుల్లయ్య. సాయిగణేష్ అవుననలేదు, కాదనలేదు. ఒక అబద్ధాన్ని నిలబెట్టాలంటే ఇంకో నాలుగు గుంజలు పాతాలి. అతను అప్పటికి రెండోది పాతాడు.

పచ్చళ్ల గది దగ్గర మూడోది దానంతటదే పాతుకుంది. "స్నానం చేసి, పొడి బట్ట కట్టుకుని వెళ్లండి. తడి చెయ్యి తగలకూడదు" అన్నారు వెంకటరత్నమ్మ గారు, అతిథి అని కూడా చూడకుండా. లక్ష్మీకాంత్ విమానంలో వచ్చిన మనిషి, పొద్దున ఐదింటికే స్నానం చేసినవాడు. అయినా ఆ గొంతులో ఏముందో, పంపు దగ్గరికి వెళ్లాడు, వెనకే సాయిగణేష్ కూడా. పామర్రులో పెళ్లికి వెళ్లిన మామగారి ఉతికిన పంచె ఒకటి ఆయనకిచ్చారు. తడి జుట్టుతో, తెల్ల పంచెతో, భుజం మీద కండువాతో ఆయన వసారాలోకి వచ్చేసరికి అరుగు మీద గుసగుసలు ఆగిపోయాయి. అచ్చం తరతరాల వైద్యుల ఇంటి నుంచి వచ్చినవాడిలా ఉన్నాడు. ఇద్దరు ముసలివాళ్లు నాడి చూడమని మణికట్లు చాపారు కూడా.

గదిలో గోడ వారన జాడీలు బారులు తీరి ఉన్నాయి. ప్రతి జాడీ మూతికీ గుడ్డతో వాసెన కట్టి ఉంది. ఆ మూల ఒక పెద్ద మట్టి బాన, దాని నిండా ఊక. వెంకటరత్నమ్మ గారు రెండు చేతులతో ఊక తోడారు. ఐదు సీసాల మెడలు బయటపడ్డాయి. వాటి మూతులకి కూడా ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డతో వాసెన కట్టి ఉంది.

"ఊకలో పెట్టారా?" అన్నాడు సాయిగణేష్. తను అలమరలో పెట్టమని చెప్పినట్టు గుర్తు.

"అరిష్టమన్నారు కదా. మా తాతగారు అరిష్టాలు కట్టేవారు. కుండని ధాన్యం రాశిలో పాతిపెట్టేవారు. ఇప్పుడు ధాన్యం ఇంట్లో ఎక్కడుంటోంది? అందుకని ఊక పోశాను. ఏటా కొత్త ఆవకాయ పెట్టిన రోజు ఊక కూడా మారుస్తాను."

లక్ష్మీకాంత్ సంచిలోంచి థర్మామీటరు తీసి ఊకలో గుచ్చాడు. బయట నలభై ఒకటి ఉంది. ఊకలో ఇరవై ఆరు. ఆయన దాన్ని తీసి, విదిలించి, మళ్లీ గుచ్చాడు. ఇరవై ఆరే. గుమ్మం బయటినుంచి తొంగిచూస్తున్న పుల్లయ్య వెనక్కి తిరిగి, "మందుకి జొరం చూస్తన్నారు" అని అరుగు మీదివాళ్లకి తెలియజేశాడు.

సాయిగణేష్ మాత్రం ఆ మాటలేవీ వినలేదు. అతను సీసాలు ఒక్కొక్కటే పైకి తీసి తిప్పి చూస్తున్నాడు. ఒక్కదాని మీద కూడా కాగితం లేదు. ఏడాది లేదు, పేరు లేదు. అద్దంలా మెరిసే ఒట్టి గాజు.

"అత్తయ్యగారూ, వీటి మీద కాయితాలుండాలి."

"చింతపండు, బూడిద పెట్టి తోమేశాను. కాయితం ఉంటే పురుగు పడుతుంది."

కళ్లకి గంతలు కట్టుకున్నా చెబుతాననడం వేరు, కట్టిన గంతలు విప్పే వీల్లేకపోవడం వేరు. లక్ష్మీకాంత్ మొహంలో మాత్రం పొద్దుటినుంచి మొదటిసారి ఉత్సాహం కనిపించింది. "మరీ మంచిది. బిరడా మీద ఏడాది అచ్చువేసి ఉంటుంది. తీసి నా గుప్పిట్లో పెట్టుకుంటాను. మీరు చెప్పాక చూద్దాం" అన్నాడు. ఇక బెజవాడ ప్రయాణం మాట ఎవరూ ఎత్తలేదు. కడిగి తుడిచిన పది గాజు గ్లాసులూ అక్కడ ఏసీ గాలికి కూర్చున్నాయి. ఇక్కడ స్టీలు గ్లాసులు వచ్చాయి.

వసారాలో బల్ల మీద మొదటి బిరడా పేలినట్టు లేచింది. చూరులో పిచ్చుక ఎగిరిపోయింది.

"గ్యాసు మందు కూడానా?" అన్నారు తెరేసమ్మ గారు, ఎందుకో చిన్నగా నవ్వుతూ.

లక్ష్మీకాంత్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు. ఇచ్చేముందు మందుని వాసన చూసే డాక్టర్ని ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు, గురి ఇంకా పెరిగింది. ఒక గుక్క పుచ్చుకున్నాడు. కళ్లు మూశాడు. నిలబడినవాడల్లా బల్ల మీద కూర్చుండిపోయాడు.

"ఎలా ఉందండీ?" అన్నాడు సాయిగణేష్.

"ముందు మీరు చెప్పండి. ఏడాదులు."

ఈలోగా పుల్లయ్య గ్లాసు చాపనే చాపాడు. తెరేసమ్మ గారు తన కప్పుతో కొలిచి తలా ఒక కప్పు పోశారు. సాయిగణేష్ ఐదు గ్లాసులూ ముందు పెట్టుకుని యుద్ధానికి కూర్చున్నాడు. పసుపు గుడ్డ కట్టిన సీసాది పచ్చిమామిడిలా కోసింది. సందేహం లేదు, అన్నిటికంటే చిన్నది. నీలం గుడ్డది కాస్త నెమ్మదించింది. ఆకుపచ్చ గుడ్డదానిలో తేనె తగిలింది. చిక్కంతా చివరి రెండిటితోనే వచ్చింది. ఒకటి గళ్ల గుడ్డది, ఇంకోటి ఎర్ర అంచు గుడ్డది. రెండింటిలోనూ పులుపు పాత చింతపండులా నల్లబడి, లోతుకి దిగింది. రెండింటిలోనూ ఎండుగడ్డి వాసన. అటు తాగాడు, ఇటు తాగాడు. ఉప్పులేని బిస్కెట్లు లేవు కనుక మరమరాలు నమిలాడు. మళ్లీ తాగాడు.

"గళ్ల గుడ్డది అన్నిటికంటే పాతది. దాని తర్వాత ఎర్ర అంచుది" అన్నాడు చివరికి.

"కాదు బాబూ" అన్నారు వెంకటరత్నమ్మ గారు, గుమ్మంలోంచి. "ఎర్ర అంచుది ముందు వచ్చింది. అది కనకలక్ష్మి సీమంతం చీర ముక్క. గళ్లది తర్వాతేడు. నా కంటి ఆపరేషన్‌కి ఆసుపత్రికి తీసుకెళ్లిన తువ్వాలు అది. ఆకుపచ్చది గుమ్మం తెర. నీలంది కరోనా తగ్గిన ఏడు వచ్చింది, మాస్కులు కుట్టగా మిగిలిన గుడ్డ. పసుపుది మీ ఫ్లాటు గృహప్రవేశానికి పెట్టిన జాకెట్టు ముక్క. ఏ ఏడాది జాడీకి ఆ ఏడాది గుడ్డే కడతాను. లేకపోతే ఇన్ని జాడీల్లో ఏది ఎప్పటిదో ఎలా తెలుస్తుంది?"

"గుడ్డలు తారుమారై ఉంటాయి అత్తయ్యగారూ. నాలుక అబద్ధం చెప్పదు" అన్నాడు సాయిగణేష్. నిజానికి ఆ ఇంట్లో ఏడేళ్లుగా అబద్ధం చెబుతున్నది ఆ నాలుకే.

లక్ష్మీకాంత్ గుప్పిట విప్పి బిరడాలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. పసుపు, నీలం, ఆకుపచ్చ, మూడూ సాయిగణేష్ చెప్పినట్టే ఉన్నాయి. నాలుగోది, ఐదోది తారుమారు. వెంకటరత్నమ్మ గారే రైటు. నలభై మంది నవ్విన అవమానం తుడిచేసుకుందామని వస్తే, అరుగు మీద ఇంకో పదిహేను మంది చేరారు. సాయిగణేష్ తల దించుకున్నాడు.

"మీ తప్పేం లేదు బాబూ" అన్నారు ఆవిడ. "గళ్లదాన్ని మొదట్లో బానలో పడమటి పక్కన పెట్టాను. ఆ గోడకి సాయంత్రం ఎండ తగులుతుంది. రెండేళ్లకి తెలిసి నడిమధ్యకి జరిపాను. ఆ రెండు వేసవుల వేడికి అది తొందరగా ముసలిదై ఉంటుంది. నాకు పడమటి పక్క ఆవకాయ కూడా అంతే, ముందు ఊరిపోతుంది."

లక్ష్మీకాంత్ లేచి నిలబడ్డాడు. తను డాక్టరన్న సంగతి మరిచిపోయాడు. "అమ్మా, ఇరవై ఏళ్లుగా బీరు చేస్తున్నాను. ఇలా నిలవ పెట్టిన బీరు నేను తాగలేదు. గోడ వేడికి బీరుకి వయసెలా వస్తుందో చెప్పగలిగిన మనిషిని మన దేశంలో ఇప్పుడే చూస్తున్నాను."

మూడుసార్లు అన్నాడు, 'బీరు' అన్న మాట. అరుగు మీద గ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సాయిగణేష్ ఏడేళ్లు పోగుచేసుకున్న నమ్మకం ఒక్క క్షణంలో పోయిందనుకున్నాడు. అత్తగారి కాళ్ల మీద పడదామా, కారు దాకా పరిగెడదామా అంటే, తాళం చెవి కనకలక్ష్మి బొడ్లో ఉంది.

"అత్తయ్యగారూ" అన్నాడు.

"బీరని నాకు తెలుసు బాబూ" అన్నారు వెంకటరత్నమ్మ గారు, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. "మొదటి సీసా మీద కంకి బొమ్మ ఉంది. అది వరి కంకి కాదు. మనకి తెలియని కంకితో అరిష్టమేమిటా అని తెరేసమ్మ చేత చదివించాను."

"ఆల్కహాలు ఆరు శాతం" అన్నారు తెరేసమ్మ గారు. "ఎవరితోనూ అనొద్దంది. అనలేదు."

"ఇంటికి నలుగురూ వస్తుంటారు. సీసా చూసి మీ గురించి ఏమనుకుంటారు? అందుకే కాయితాలు తోమేశాను. ఏటా తెచ్చినప్పుడల్లా తోమేశాను."

"మరి ఆ గదిలో ఎందుకుంచారండీ?" అన్నాడు సాయిగణేష్. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"సీసాలో ఏముందనేది మీ సంగతి. పులిసేదాన్ని చెడకుండా చూడటం నా సంగతి. నా గదిలోకి వచ్చింది ఇంతవరకూ ఏదీ చెడలేదు. మీరు తెచ్చింది మాత్రం చెడనిస్తానా?"

పుల్లయ్య గ్లాసులోకి చూసుకుని, అరుగు మీదినుంచి లేచి నాలుగడుగులు వేశాడు. "బీరైతే బీరే అనుకోండి. నాకు మోకాలు తేలిగ్గా ఉంది మరి. తెరేసమ్మ గారూ, ఇంకో కప్పు ఇలా పొయ్యండి." మిగతావాళ్లు కూడా గ్లాసులు చాపారు.

వెంకటరత్నమ్మ గారు పసుపు గుడ్డ సీసాలోంచి ఒక్క చుక్క అరచేతిలో వేయించుకుని, చిటికెనవేలి కొస ముంచి నాలుకకి తాకించారు. ఆవకాయ ఉప్పు చూసేటప్పుడు ఎలా చూస్తారో అలాగే. "ఇది ఇంకా ఊరాలి. తొందరపడి తీశారు" అన్నారు. బెంగళూరు బీరు ప్రియుల సంఘం అధ్యక్షుడు మామగారి పంచె కట్టుకుని, ఆ మాటను పొల్లు పోకుండా పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత పెన్ను జేబులో పెట్టబోయి, జేబు లేదని గుర్తొచ్చి చెవి వెనక పెట్టుకుని, రెండు చేతులూ జోడించాడు.

"చెడిపోలేదమ్మా. ఏదీ చెడిపోలేదు. నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను."

సాయిగణేష్ ఏడాదిగా ఎదురుచూసిన మాట అదే. అన్నదీ ఆయనే. అన్నది మాత్రం తనతో కాదు. అయినా అతని ఛాతీ ఉబ్బింది. బెజవాడ ఎండని ఒక బాన ఊకతో ఓడించిన మనిషి తన అత్తగారని, ఆ నలభై మందినీ వరసగా నిలబెట్టి చెప్పాలనిపించింది.

నెల తర్వాత బెంగళూరు నుంచి చెక్క ఫలకం వచ్చింది. దాని మీద 'ఈ ఏటి ఉత్తమ నిలవ' అని, కింద 'శ్రీమతి వెంకటరత్నమ్మ, కంకిపాడు' అని చెక్కి ఉంది. సాయిగణేష్ దాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు. వెనక కూడా తన పేరు లేదు.

"సీసాలు తెచ్చింది నేనే కదా" అన్నాడు భార్యతో.

"మామిడికాయలు తెచ్చినాయన ఆవకాయ నేను పెట్టానంటే ఊరుకుంటామా?" అంది కనకలక్ష్మి.

దాన్ని ఫ్లాట్‌లో హాల్లో పెట్టుకుంటానని, వచ్చినవాళ్లందరికీ మా అత్తగారని చూపించుకుంటానని అతను బతిమాలాడు. వెంకటరత్నమ్మ గారు ఒప్పుకోలేదు. అది ఏ పనికి వచ్చిందో అక్కడే ఉండాలని పచ్చళ్ల గదిలో, ఊక బాన పైన మేకు కొట్టించి తగిలించారు. సాయిగణేష్ నెలకి రెండు మూడుసార్లు ఎవరో ఒకర్ని వెంటబెట్టుకుని, ఎంతో గర్వంగా దాన్ని చూపించడానికి కంకిపాడు వెళుతుంటాడు. ప్రతిసారీ ముందు పంపు దగ్గర స్నానం చేస్తాడు.